మూడో పేజీలో ఉండిపోయిన వ్యాసాలు

ఆవిడ మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను సికింద్రాబాదు కార్ఖానా ప్రాంతంలో మా వీధి చివర బండి దగ్గర బెండకాయలు ఏరుతున్నాను. తెలియని నంబరు. ఎత్తగానే, "మేడం, పత్రిక వెబ్‌సైట్ మీరే చూస్తరంట కదా," అంది ఒక పెద్దామె గొంతు. "నా వ్యాసం పంపి ఏడు నెలలైంది. ఎప్పుడు జూసినా 'సమీక్ష కోసం వేచి ఉంది' అనే ఉంటది. బాగ లేకుంటె బాగ లేదని చెప్పుండ్రి, నాకేం తక్లీఫ్ లేదు. ఊకె గిట్ల వేలాడదీసుడు మాత్రం మంచిగ లేదు."

గొంతులో కోపం లేదు. మందు వేసుకోనని మొండికేసే రోగితో మాట్లాడే పద్ధతి అదని నాకు తరువాత తెలిసింది. సాయంత్రంలోగా చూసి చెప్తానన్నాను. నిజానికి చూడకముందే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: సమీక్షకులు తక్కువమంది, వ్యాసాలు ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి. ఆ మాట అప్పటికే ముగ్గురు నలుగురికి చెప్పి ఉన్నాను.

ఆ పత్రిక సంగతి కొంచెం చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉండే మాస్టారు దానికి సంపాదకుడు. కాలేజీలో భాషాశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మాదీ అటువైపే. తెలుగు భాష మీద, తెలుగువాళ్ల బతుకు మీద పరిశోధన వ్యాసాలు వేసే పత్రిక అది. అచ్చు వేయడం ఆగిపోయాక ఇక మూసేద్దామనుకుంటున్న రోజుల్లో మా కంపెనీ మా విభాగాన్ని ఎత్తేసింది. ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన నేను ఇంట్లో కూర్చున్నాను. ఒకరోజు లిఫ్టు కోసం నిలబడి ఉండగా మాస్టారు అడిగారు.

"అమ్మా, ఈ పత్రికని నెట్‌లో పెట్టడం నీ వల్ల అవుతుందా? ఎవరైనా ఊరికే చదువుకోవాలి. రాసేవాళ్ల దగ్గరా రూపాయి తీసుకోకూడదు."

"అవుతుంది మాస్టారూ. కష్టమేం కాదు."

"కష్టం అది కాదమ్మా. సమీక్ష. వచ్చిన వ్యాసాన్ని ఎవరో ఒకరు చదివి బాగోగులు చెప్పాలి కదా. అది న్యాయంగా జరగాలి."

ఆ మాట వెనక ఆయన పాత గాయం ఒకటుంది. వయసులో ఉండగా ఆయన పంపిన వ్యాసాన్ని ఎక్కడో ఎవరో 'ప్రచురణార్హం కాదు' అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారట. ఎవరు రాశారో తెలీదు, ఎందుకో తెలీదు. "కారణం చెప్పి తిట్టినా బాధపడేవాణ్ని కాదు," అనేవారు. అందుకని ఇద్దరం కూర్చుని రెండు నియమాలు పెట్టుకున్నాం. సమీక్ష పూర్తయ్యేదాకా రాసినవాళ్ల పేరు ఎవరికీ కనపడకూడదు. వ్యాసాన్ని చూడాలి కానీ మనిషిని కాదు. సమీక్షించినవాళ్ల పేరు మాత్రం వాళ్ల మాటల కిందే, అందరికీ కనపడేలా ఉండాలి. మాట అన్నవాళ్లు మాట కింద సంతకం పెట్టాలన్నది మాస్టారి పట్టుదల.

వ్యవస్థ నేనే తయారుచేశాను. రాసినవాళ్లు వ్యాసం ఎక్కిస్తారు. అది సైటులో అందరికీ కనపడే జాబితాలో, శీర్షిక మాత్రమే తెలిసేలా, చేరుతుంది. మాకు స్వచ్ఛందంగా చదివిపెట్టే అధ్యాపకులు కొంతమంది ఉన్నారు. వాళ్లు వీలున్నప్పుడు వచ్చి, జాబితా చూసి, తమకు తెలిసిన విషయం మీద ఉన్న వ్యాసాన్ని తీసుకుంటారు. జాబితాను శీర్షికల అక్షరక్రమంలో పెట్టాను. ఎవరి వ్యాసం పైన, ఎవరిది కింద అన్న మాట రాకూడదని చాలా ఆలోచించి చేసిన పని అది. ప్రారంభం రోజు చిన్న సమావేశంలో ఎవరో అడిగితే, "ఇందులో మనిషి చెయ్యి లేదండీ. అక్షరమాలకి ఎవరి మీదా ప్రేమ ఉండదు, ఎవరి మీదా పగ ఉండదు," అన్నాను. చప్పట్లు కొట్టారు. నాకు బాగానే అనిపించింది.

ఆ సాయంత్రం పెద్దామె వ్యాసం వెతికాను. 'సలుపు, పోటు, తీపు: నొప్పికి జనం వాడే మాటలు' అని శీర్షిక. ఏడు నెలల్లో దాన్ని ఎవరూ తీసుకోకపోవడం సరే, ఒక్కరు కూడా తెరిచి చూడలేదు. బహుశా విషయం మావాళ్లకు కొత్త అయ్యుంటుందనుకుని ఫోన్ చేసి అదే చెప్పాను. మీరు ఎంచుకున్న అంశం మీద పని చేసేవాళ్లు మా దగ్గర తక్కువండీ, అందుకని ఎవరూ తెరవలేదు అన్నాను.

"ఎవలు తెరవనే లేదా?"

"లేదండీ."

"మరి తెరవకముందుకే నచ్చలేదని ఎట్ల ఎరుక వాళ్లకు?"

ఆవిడే మళ్లీ అంది: "మేడం, ఒకసారి మా ఇంటికి రాండ్రి. మౌలాలి. నేనొకటి రాసిపెట్టిన. ఫోన్ల చెప్తె సమజ్ కాదు."

ఆ వారం వెళ్లాను. రైల్వే క్వార్టర్ల వెనక వరసలో చిన్న ఇల్లు. గేటు దగ్గర అడిగితే, "సిస్టర్ ఇల్లా?" అని చూపించారు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ ఆవిడ ఇంకా సిస్టరే. నేనూ అలాగే పిలిచాను. సన్నగా, పొడుగ్గా, జుట్టు మొత్తం తెల్లగా ఉంది. టీ ఇచ్చి, నేను తాగడం అయ్యేదాకా వేరే మాటలేవో మాట్లాడి, అప్పుడు ఒక రూళ్ల నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది.

ఏడు నెలలుగా ప్రతి ఆదివారం మా వెబ్‌సైటు తెరిచి, వేచి ఉన్న వ్యాసాల పేర్లన్నీ వరసగా రాసుకుంది. ఏది సమీక్షలోకి వెళ్లిందో దాని ఎదురుగా టిక్కు. ఆసుపత్రి చార్టులు నింపిన చేయి. గీత గీసి కొట్టేసిన చోటు ఒక్కటీ లేదు.

"జూడుండ్రి. 'అ'తోని, 'ఆ'తోని షురూ అయినయి పదిహేను రోజులల్ల పోతున్నయి. 'క' కాడికి నెల. 'త' కాడికి మూడు నెలలు. ఇగ 'స', 'హ' అయితె కదుల్తనే లేవు. మూడో పేజీల వడ్డయి మూడో పేజీలనే ఉంటున్నయి."

నోట్‌బుక్ నా వైపు తిప్పుకున్నాను. పేజీ తర్వాత పేజీ అదే కథ. టిక్కులన్నీ పైన గుంపుగా ఉన్నాయి, కిందంతా ఖాళీ.

"నా దోస్తు ఒకామె ఉన్నది, డిగ్రీ కాలేజీల చెప్తది," అంది సిస్టర్. "ఆమెది సుత ఆగింది. ఆమేమంటదంటె, ఆంధ్రోళ్లయి ముంగటికి పోతున్నయి, మనయి ఎన్కకు పడుతున్నయి, నీకు సమజైతలేదా అంటది. నేను గట్ల అనుకోలే. గట్ల అనుకుంటె ఈ నోట్‌బుక్ ఎందుకు రాస్త?"

"మాదీ ఆంధ్రేనండీ," అన్నాను.

"నాకెరుకే. మీ మాట వింటెనే తెలుస్తది. అందుకే ఫోన్ల చెప్పక ఇంటికి పిలిచిన."

తరువాత ఆవిడ తన ఓపీ సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో డాక్టరు గది బయట ఒక ట్రే ఉండేదట. వచ్చిన రోగి చీటీ తీసుకుని దాంట్లో వేస్తారు. అటెండరు పైనున్న చీటీ తీసి పేరు పిలుస్తాడు. ఎవరూ ఏ తప్పూ చేయడం లేదు. కానీ పొద్దున ఏడింటికి వచ్చిన ముసలామె పదకొండింటికీ బెంచీ మీదే ఉండేది, పదింపావుకు వచ్చినవాళ్లు చూపించుకుని వెళ్లిపోయేవాళ్లు. ఎందుకంటే ముందొచ్చిన చీటీ ట్రేలో అడుగున పడిపోతుంది.

"జనం అటెండర్ని తిట్టేటోళ్లు, పైసలు తింటుండని. ఆయన ఏం తినలే, పాపం. నేను రెండు దినాలు జూసిన. మూడో దినం ట్రేలున్న చీటీలు మొత్తం ఎత్తి బోర్లించిన, కొత్తగ వచ్చినయి అడుగున పెట్టుమని చెప్పిన. గంతే. ఆ డాక్టర్ సాబ్‌కు ఇప్పటిదాక ఎరుక లేదు."

ఇంటికి వచ్చి లెక్క సరిచూసుకున్నాను. సిస్టర్ నోట్‌బుక్‌లో ఉన్నదే నా కంప్యూటరులోనూ ఉంది. మా సమీక్షకులు మొదటి పేజీ చూస్తారు, ఓపికుంటే రెండోది. మూడో పేజీ దాకా వచ్చినవాళ్లు దాదాపు లేరు. పై వ్యాసం వెళ్లిపోతే కిందిది పైకి జరగాలి కదా అనిపిస్తుంది. కానీ కొత్తగా 'అ'తో, 'ఇ'తో వచ్చినవి మళ్లీ పైన చేరిపోయేవి. 'ఆంధ్ర' అని మొదలయ్యేవన్నీ మొదటి పేజీలో ఉన్నాయి. 'తెలంగాణ' అని మొదలయ్యేవి రెండో పేజీ చివర. 'సామెతలు', 'స్త్రీల పాటలు', 'హైదరాబాదు' అన్నీ అట్టడుగున. మేముండే సికింద్రాబాదు బజార్ల పేర్ల మీద ఎవరో రాసిన వ్యాసం కూడా అక్కడే ఉంది. అయిదు నెలలు దాటి ఆగినవి పదకొండు వ్యాసాలు. పదకొండూ మూడో పేజీవే.

నేను టెస్టింగ్ చేసిన మనిషిని. వేరేవాళ్ల తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఈ జాబితాను కూడా పరీక్షించాను. 'అ' తరువాత 'ఆ' వస్తోందా, ఒత్తులున్న అక్షరాలు సరైన చోట పడుతున్నాయా, 'క్ష' ఎక్కడికి పోతోంది అని రెండు రోజులు కూర్చుని సరిచేశాను. ఆ వరస సరిగ్గా ఉందో లేదో చూశాను కానీ, ఆ వరస ఏం చేస్తుందో చూడలేదు. ఆ రాత్రి అన్నం తింటూ ఉంటే మా ఆయన "ఏమైంది?" అని రెండుసార్లు అడిగారు. చెప్తే, "ఒక్క గంట పనే కదా, మార్చెయ్," అన్నారు. మార్చడం గంట పనే.

మర్నాడు పొద్దున మాస్టారి ఇంటికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"సరిచేసెయ్యమ్మా," అన్నారు చివరికి. "ఆ పదకొండూ నేనే స్వయంగా మనుషుల్ని అడిగి చదివిస్తాను. నెలలో తేల్చేద్దాం."

"అదొక్కటే చాలదు మాస్టారూ. ఇలా జరిగిందని సైటులో రాయాలి."

"ఎందుకు?"

"ఇన్నాళ్లూ వాళ్లు తమ వ్యాసం బాగోలేదనుకుంటున్నారు. లేకపోతే మనం కావాలని ఆపామనుకుంటున్నారు. రెండూ కాదని వాళ్లకి తెలియాలి కదా."

"నువ్వు చెప్పేది సబబే. కానీ ఆంధ్ర పైన, తెలంగాణ కింద అని మనమే రాసి చూపిస్తే, అది అక్షరమాల వల్ల జరిగింది అంటే ఎవరు నమ్ముతారమ్మా? నువ్వూ నేనూ ఇద్దరం అటువాళ్లమే. పత్రిక పోతుంది."

ఆయన భయం అబద్ధం కాదు. ఈ ఊళ్లో ఆ మాట ఎంత తొందరగా అంటుకుంటుందో ఇద్దరికీ తెలుసు. నేను కూడా కాసేపు తగ్గాను. కానీ సిస్టర్ నన్ను ఇంటికి పిలిచి టీ ఇచ్చిన తీరు గుర్తొచ్చింది. ఆవిడ కావాలంటే ఆ నోట్‌బుక్ ఫోటోలు తీసి నలుగురికీ పంపి ఉండొచ్చు.

"ఆవిడకి ముందే తెలుసు మాస్టారూ," అన్నాను. "తెలిసి కూడా మనల్ని అనుమానించలేదు. మనం దాస్తే అప్పుడు అనుమానించడం న్యాయం అవుతుంది."

మాస్టారు ఆలోచించుకుంటానన్నారు. ఆ సాయంత్రం కింద నడుస్తూ కనిపించారు. నన్ను చూసి ఇంకో రౌండు వేశారు. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. "నీకు 'ప్రచురణార్హం కాదు' కథ చెప్పాను కదా. వాళ్లకి కనీసం ఆ ముక్కయినా పంపలేదు మనం. రాయమ్మా. కింద నీ పేరుతో పాటు నా పేరూ పెట్టు. జాబితా తయారయ్యాక నాకు చూపించావు, నేనూ బాగుందన్నాను."

సైటు మొదటి పేజీలోనే పెట్టాం. ఏం జరిగింది, ఎవరి నిర్ణయం వల్ల జరిగింది, ఏ వ్యాసాలు ఎన్నాళ్లు ఆగాయి, ఇప్పుడు ఏం మారుస్తున్నాం, అంతా మామూలు తెలుగులో. దాన్ని కనిపెట్టింది ఒక వ్యాసకర్త అని రాశాం. సమీక్ష అవలేదు కాబట్టి పేరు రాయలేదు. ఆ పదకొండుమందికీ నేనే ఫోన్లు చేశాను. అందులో తొమ్మిదిమందే దొరికారు. ఒకాయన మాకు చెప్పకుండానే తన వ్యాసాన్ని ఎప్పుడో వేరేచోట వేయించుకున్నారు, బాగానే మాట్లాడారు. ఇంకొకాయన నేను చెప్పింది పూర్తిగా వినకుండానే పెట్టేశారు. సిస్టర్ స్నేహితురాలు, ఆ డిగ్రీ కాలేజీ లెక్చరర్, చివరిదాకా విని, "నాకు మీ సారీ వద్దు మేడం," అంది. "ప్రమోషన్‌కి అప్లికేషన్ పెట్టేటప్పుడు వ్యాసం సమీక్షల ఉన్నదని రాసిన. ఇంటర్వ్యూల నవ్విండ్రు, ఏడు నెలలు ఏం సమీక్షమ్మా అని. నాకొక ఉత్తరం ఇయ్యుండ్రి. ఆలస్యం నా వ్యాసంది కాదు, మీదని."

ఉత్తరం రాసి, మాస్టారి సంతకం పెట్టించి, యాప్రాల్‌లో ఉన్న వాళ్లింటికి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. గుమ్మంలోనే చదువుకుని లోపలికి రమ్మంది. ఆ ఉత్తరం పనికొచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ తరువాత ఆమె మాకు ఇంకే వ్యాసమూ పంపలేదు.

మాస్టారు భయపడ్డట్టు కొన్ని మాటలు పడ్డాం కూడా. పదిహేను రోజులు ఫేస్‌బుక్‌లో ఎవరెవరో ఏదేదో రాశారు. మేం జవాబివ్వలేదు, మా సైటులో పెట్టింది చూడమన్నాం అంతే. తరువాత అది సద్దుమణిగింది.

వ్యవస్థను మార్చాను. ఇప్పుడు సమీక్షకుడు లోపలికి రాగానే మొత్తం జాబితా కనపడదు. అన్నిటికన్నా ఎక్కువ రోజులు ఆగిన మూడు వ్యాసాలే కనపడతాయి. వాటిలో ఒకటి తీసుకోవాలి, లేదా ఎందుకు తీసుకోవడం లేదో ఒక వాక్యం రాయాలి. ఇది కొందరికి నచ్చలేదు. "నేను చేసేదే ఉచితసేవ, నాకిష్టమైంది ఎంచుకునే వీలు కూడా లేదా?" అని ఇద్దరు మానేశారు. వాళ్లది తప్పని అనలేను. వాళ్లు లేకపోవడం వల్ల పని ఇప్పటికీ కొంత నెమ్మదిగానే జరుగుతోంది. మాస్టారు తన సొంత వ్యాసం ఒకటి ఎక్కించి మూడు నెలలు ఎదురుచూసి, ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఏమ్మా, నాదేమైంది?" అని అడిగారు. వరసలో ఉంది మాస్టారూ అన్నాను. తల ఊపి వెళ్లిపోయారు.

సిస్టర్ వ్యాసానికి సమీక్ష వచ్చింది. ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెప్పిన పెద్దాయన తీసుకున్నారు. ఆయన రాసింది చదివి నేనే సిస్టర్‌కి ఫోన్ చేయడానికి జంకాను. "'తీపు' అంటే మధురం. నొప్పి అనే అర్థంలో వాడటం గ్రామ్యం. అయినా 'నొప్పి' అనే చక్కని మాట ఉండగా ఇన్ని మాటలు దేనికి? వ్యాసకర్తకు వైద్యరంగంతో పరిచయం ఉన్నట్టు లేదు," అని రాశారు. కింద ఆయన పేరు.

"చదివిన," అంది సిస్టర్, చివరికి నేను ఫోన్ చేసినప్పుడు. నవ్విందో నిట్టూర్చిందో తెలియలేదు. "పరిచయం లేదంట. ముప్పై ఏండ్లు నైట్ డ్యూటీలు చేసినమ్మకు. చెల్లె, నేను నర్సునని చెప్పొద్దా?"

నన్ను చెల్లె అనడం అదే మొదలు.

"చెప్తే మిమ్మల్ని చూసి ఒప్పుకుంటారు అక్కా. లేకపోతే నర్సుకేం తెలుసు అంటారు. ఎటైనా వ్యాసాన్ని చూడరు. కానీ మీ ఇష్టం. మీరు చెప్పదలుచుకుంటే నేను ఆపను."

"వద్దు తియ్యి. నేను, ఆయన ఇద్దరం పేషెంట్ ముచ్చటనే మాట్లాడుకుంటం."

జవాబు రాయడానికి ఆవిడకు పది రోజులు పట్టింది. సైటులో సమీక్ష కిందే పెట్టాం. పొడుగ్గా ఏం లేదు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు కాళ్లు పీకుతున్నాయంటారని, ఇక్కడివాళ్లు గుంజుతున్నయంటారని, పంటికైతే పోటు అనీ, గడ్డకైతే సలుపు అనీ, ఒక్కో మాట ఒంట్లో ఒక్కో చోటుకు, ఒక్కో తీరుకు చెందినదని రాసింది. తరువాత ఒక సంగతి చెప్పింది. ఒకరోజు ఓపీకి ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. నొప్పి ఉందా అని డాక్టరు అడిగితే లేదన్నాడు. ఛాతీలో నొప్పి? లేదు. చేతిలో నొప్పి? లేదు. నొప్పి లేదని చీటీ మీద రాసి పంపేశారు. బయట బెంచీ మీద కూర్చుని చెమటలు తుడుచుకుంటుంటే అక్కడున్న నర్సు, నొప్పి లేకుంటే మరి ఏమైతున్నది అని అడిగింది. "దవడ గుంజుతున్నదమ్మా, పొద్దుగాల్నుంచి," అన్నాడు. అతని దృష్టిలో గుంజుడు వేరు, నొప్పి వేరు. అబద్ధం చెప్పలేదు. ఆ నర్సు అతన్ని వెనక్కి తీసుకెళ్లి ఈసీజీ తీయించింది. గుండెపోటు. సమయానికి చూశారు కాబట్టి మనిషి బతికాడు.

"ఆ నర్సు ఎవరో రాయలేదేం?" అని అడిగాను ఫోన్‌లో.

"రాస్తె రూల్ తప్పుతది గద," అంది.

నాలుగు రోజులకు పెద్దాయన అదే పేజీలో, అదే పేరుతో మళ్లీ రాశారు. ఆ ఉదాహరణ చదివాక తన మొదటి అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, 'నొప్పి ఉందా' అని తాను కూడా వేలమందిని అడిగి ఉంటానని, లేదన్నవాళ్లను ఇంకో మాట అడిగిన జ్ఞాపకం లేదని రాశారు. అక్కడితో ఆగలేదు. వ్యాసం చివర ఉన్న నొప్పి మాటల పట్టికలో ప్రతి మాట పక్కన అది ఏ ప్రాంతం మనిషి నోటి నుంచి విన్నదో రాయాలని, లేకపోతే ఇంకొకరికి పనికిరాదని కూడా అన్నారు. ఆయన అడిగింది సరైన విషయమే. సిస్టర్ పాత డైరీలన్నీ తీసి నెలన్నర కూర్చుంది. గుర్తు లేని మాటల పక్కన 'గుర్తు లేదు' అని రాసింది. ఊహించి రాయలేదు.

రెండో సమీక్షకురాలు రోగుల మాటలన్నిటినీ గ్రంథభాషలోకి మార్చమంది. అది మాత్రం సిస్టర్ ఒప్పుకోలేదు. "నా మాటలు దిద్దుండ్రి. పేషెంట్ మాటలు దిద్దితె ఇగ వ్యాసమెందుకు?" అంది. మాస్టారు సిస్టర్ పక్షమే తీసుకున్నారు. వ్యాసం పత్రికలో వచ్చింది. పేరు బయటపడ్డాక ఆ పెద్దాయన నాకు ఫోన్ చేసి ఆవిడ నంబరు అడిగారు. ఆవిడను అడిగి ఇచ్చాను. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. కొన్నాళ్లకు ఆయన చదువు చెప్పిన పిల్లలు ఎవరో ఆ పట్టికను ప్రింటు తీసుకుని ఓపీ గదిలో అంటించుకున్నారని సిస్టర్ చెప్పింది. దాన్ని చాలా మామూలుగా చెప్పింది, కానీ అదే వారంలో రెండుసార్లు చెప్పింది.

ఆ తరువాత మాస్టారు ఆవిడను సమీక్షకురాలిగా ఉండమని అడిగారు. మొదట నవ్వి, నేనేం సమీక్ష చేస్త అంది. ఒప్పుకోవడానికి నెల పట్టింది. మొదటి వ్యాసం తీసుకున్న వారానికి నాకు ఫోన్ చేసింది.

"చెల్లె, ఇది బాగ లేదు. మంచిగ లేదని ఎట్ల రాయాలె? పాపం, కష్టపడి రాసిండు."

"ఏం బాగోలేదో చెప్పండి."

"నలుగుర్ని అడిగి నలభైమందిని అడిగినట్టు రాసిండు. అడిగిన నలుగురి ముచ్చట్లు మాత్రం మస్తున్నయి."

"అదే రాయండి. ఇదే వరసలో వద్దు. ఆ నలుగురి సంగతి ముందు రాయండి."

రాసింది. కానీ పంపడానికి పోతే పోలేదట. మళ్లీ ఫోన్. "ఈడ 'సంస్థ' అని ఉన్నది. ఖాళీగ పెడితె ఎర్రగ వస్తున్నది. రిటైరైన మనిషిని, నాకిప్పుడు సంస్థ ఏడిది? ఇల్లు అని రాయాల్నా?"

ఆ గడి పక్కన, తప్పనిసరి అని చెప్పే ఎర్ర నక్షత్రం పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అన్ని ఫారాల్లోనూ ఉంటుంది కాబట్టి పెట్టాను. ఆవిడను లైన్‌లో ఉండమని చెప్పి దాన్ని తీసేశాను. ఎందుకు తీశామో సైటులో మార్పుల పేజీలో ఒక వాక్యం రాశాను.

"ఇప్పుడు చూడండి అక్కా."

"ఆఁ, పోయింది," అంది. తరువాత ఏదో నొక్కిన చప్పుడు వినిపించింది. "ఇగ ఇంకొకటి తీసుకోవచ్చునా?"

"తీసుకోండి. మూడు కనపడుతున్నాయా?"

"కనపడుతున్నయి." కాసేపు చదువుకుంది. "పైన ఉన్నదే తీసుకుంట. శానా రోజులైంది, పాపం, అది వచ్చి."